డైథిజోన్‌తో నీళ్ళలో సీసం ఉందో లేదో చూడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ప్రాక్టికల్స్ గంటలో పిల్లలు, బయట ఇరుగుపొరుగు వాళ్ళు తిప్పి తిప్పి అడిగేది ఒక్కటే: "ఏదైనా కెమికల్ వేసి నీళ్ళలో సీసం ఉందో లేదో చూడొచ్చా?" చూడొచ్చు. దానికి బాగా పనికొచ్చే పాత రీఏజెంట్ (పరీక్షకు వేసే రసాయనం) డైథిజోన్. అయితే రంగు మారడం చూసి ఉందనో లేదనో చెప్పే ముందు చేయాల్సిన పని చాలా ఉంది. ఇక్కడ రాసింది ఎక్కువగా ఆ పని గురించే.

డైథిజోన్ అంటే ఏమిటి? అది ఎలా పనిచేస్తుంది?

పూర్తి పేరు డైఫినైల్ థయోకార్బజోన్. నలుపులో నీలం కలిసినట్టుండే పొడి. క్లోరోఫారంలో రవ్వంత వేస్తే చాలు, చిక్కటి ఆకుపచ్చ రంగు వస్తుంది. ఈ పదార్థాన్ని ఎమిల్ ఫిషర్ 19వ శతాబ్దంలోనే తయారుచేశాడు. లోహాలను పట్టుకోవడానికి పనికొస్తుందని చూపింది మాత్రం 1925లో హెల్‌ముట్ ఫిషర్ అనే మరో జర్మన్ కెమిస్టు.

ఇది నీళ్ళలో దాదాపు కరగదు. మనకు కావలసిందీ అదే. సెపరేటింగ్ ఫనెల్‌లో నీళ్ళు పోసి, డైథిజోన్ కలిపిన క్లోరోఫారం పోస్తే రెండు పొరలుగా నిలబడతాయి. నీళ్ళు పైన, క్లోరోఫారం కింద. మూత పెట్టి గట్టిగా కుదిపితే, నీళ్ళలో ఉన్న ఒక్కో సీసం అయాన్‌ను రెండు డైథిజోన్ అణువులు చెరో పక్క నుంచి పట్టుకుంటాయి. గంధకం ఒక డెక్క, నత్రజని ఇంకో డెక్క అనుకోండి, పీత పట్టు లాంటిది. అలా పట్టుబడ్డాక అయాన్ మీద చార్జ్ ఉండదు. చార్జ్ లేనిదానికి నీళ్ళలో చోటు లేదు, కిందికి క్లోరోఫారంలోకి దిగిపోతుంది. కింది పొర ఎర్రబడుతుంది. సీసం ఎక్కువుంటే చిక్కటి ఎరుపు, కొంచెమే ఉంటే లేత దానిమ్మ గింజ రంగు.

ఇంటర్‌లో సాల్ట్ అనాలిసిస్‌లో పొటాషియం అయొడైడ్ వేస్తే పసుపు అవక్షేపం వచ్చేది కదా. అదే పరీక్ష బోరు నీళ్ళకు చేస్తే సరిపోదా?

సరిపోదు. ఎందుకు సరిపోదో లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే చాలామంది ఈ పరీక్ష చేసుకుని "రంగు రాలేదు, మా నీళ్ళు మంచివే" అని నిశ్చింతగా ఉండిపోతారు.

అది అందమైన పరీక్షే. లెడ్ నైట్రేట్‌లో అయొడైడ్ చుక్కలు వేయగానే ముద్దపసుపు, వేడి చేస్తే మాయం, చల్లారుతుంటే బంగారు రేకులు మిలమిలా కిందికి రాలతాయి. ఇన్నేళ్ళు చూపించినా నాకు విసుగు రాలేదు. కానీ లెడ్ అయొడైడ్ నీళ్ళలో కొంచెం కరుగుతుంది. ఎంత కరుగుతుందో చెప్పే అంకె, అంటే దాని సాల్యుబిలిటీ ప్రాడక్ట్, సుమారు 10⁻⁸. అయొడైడ్ గాఢత 0.1 మోలార్ ఉన్నా, 10⁻⁶ మోలార్ సీసం అవక్షేపం కాకుండా నీళ్ళలోనే ఉండిపోతుంది. అంటే లీటరుకు 0.2 మిల్లీగ్రాములు. మన దేశంలో తాగే నీళ్ళ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. అంటే హద్దుకు ఇరవై రెట్లు సీసమున్నా ఆ టెస్ట్ ట్యూబ్‌లో ఏ రంగూ కనబడదు. పోనీ ఇంకా అయొడైడ్ పోద్దామంటే, ఎక్కువైతే వచ్చిన అవక్షేపం కూడా కాంప్లెక్సుగా మారి కరిగిపోతుంది.

డైథిజోన్ దగ్గర లెక్క వేరు. లీటరుకు 0.01 మిల్లీగ్రాము అంటే 100 మిల్లీలీటర్ల నీళ్ళలో ఒక మైక్రోగ్రాము సీసం. దాన్నంతా 10 మిల్లీలీటర్ల క్లోరోఫారంలోకి లాగితే, 510 నానోమీటర్ల దగ్గర ఒక సెంటీమీటరు సెల్‌లో అబ్జార్బెన్స్ (వెలుతురును ఎంత పీల్చుకుందో చెప్పే అంకె) సుమారు 0.03 వస్తుంది. చాలా తక్కువే. కానీ పక్కన బ్లాంక్ (శాంపిల్ బదులు డిస్టిల్డ్ వాటర్ పోసి అదే వరసలో చేసినది) పెట్టి, వెనక తెల్ల కాగితం ఉంచి చూస్తే ఆ గులాబీ ఛాయ తెలుస్తుంది. అంటే హద్దు దగ్గర ఈ పరీక్ష సరిగ్గా అంచు మీద నిలబడి ఉంటుంది. 10 మిల్లీలీటర్ల నీళ్ళతో చేసి ఏమీ లేదనేస్తే అది పరీక్ష కాదు.

ఎరుపు వస్తే అది సీసమేనా?

కాదు, అదొక్కటే చూసి చెప్పలేం. డైథిజోన్ చాలా లోహాలతో కలుస్తుంది. జింక్, కాడ్మియం కూడా ఎరుపు ఛాయలే ఇస్తాయి, రాగి ఊదా కలిసిన ఎరుపు, పాదరసం నారింజ, వెండి పసుపు. కళ్ళతో చూసి జింక్‌నూ సీసాన్నీ వేరుచేయగలనని ఎవరైనా అంటే నమ్మకండి.

వేరుచేసేది రంగు కాదు, పీహెచ్. ఆమ్లంలో పాదరసం, వెండి, రాగి లాంటివి మాత్రమే డైథిజోన్‌కు దొరుకుతాయి. సీసం దొరకాలంటే పీహెచ్ 8.5 నుంచి 11 మధ్య ఉండాలి, దానికి అమ్మోనియా వాడతాం. అంత క్షారంలో ఇనుము, అల్యూమినియం హైడ్రాక్సైడ్లుగా అవక్షేపం కాకుండా సిట్రేట్ వేస్తాం. డైథిజోన్‌ను ఫెర్రిక్ ఇనుము ఆక్సిడైజ్ చేసి పాడుచేయకుండా హైడ్రాక్సిలమీన్ వేస్తాం. జింక్, రాగి, నికెల్, కాడ్మియం, వెండి, పాదరసం అడ్డు రాకుండా కట్టేయడానికి పద్ధతి ప్రకారం వేసేది సయనైడ్. ఇన్ని చేశాక కూడా బిస్మత్, థాలియం, స్టానస్ తగరం మిగులుతాయి.

సయనైడ్ మాట వచ్చింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. అందులో ఆమ్లం పడితే హైడ్రోజన్ సయనైడ్ వాయువు వస్తుంది, మనిషి నిమిషాల్లో పోతాడు. శిక్షణ, ఫ్యూమ్ హుడ్ (విషవాయువులను బయటికి లాగే అర), పక్కన ఇంకో మనిషి లేకుండా ఈ పద్ధతి ఎవరూ ముట్టుకోకూడదు. మా స్టూడెంట్ ల్యాబ్‌లో సయనైడ్ సీసా ఉండదు. మేం అది లేకుండా చేసి, ఫలితాన్ని "డైథిజోన్‌తో కలిసే లోహం ఏదో ఉంది" అని మాత్రమే రికార్డులో రాయిస్తాం. ఎవరైనా "సీసం ఉంది" అని రాస్తే కొట్టేసి మళ్ళీ రాయిస్తాను.

బ్లాంక్ చేయకపోతే ఏమవుతుంది? టైం కలిసొస్తుంది కదా.

ఒక ఏడాది మా పిల్లలు ఊళ్ళోని బోర్ల నుంచి నీళ్ళు పట్టుకొచ్చారు. ఒక్కో సీసా తీసి కుదుపుతుంటే ఒక్కోటీ ఎర్రబడుతోంది. పిల్లల్లో టెన్షన్ మొదలైంది, ఒకమ్మాయి వాళ్ళింటికి ఫోన్ చేసి ఆ నీళ్ళు తాగొద్దని చెప్పేసింది కూడా. నాకూ గుండె దడదడలాడింది. అప్పుడు డిస్టిల్డ్ వాటర్ పోసి అదే వరసలో కుదిపాం. అదీ ఎర్రబడింది!

సాయంత్రం దాకా వెతికితే దొరికింది. ఆ రోజు గాజు మూతలు చాలక కొన్ని సీసాలకు, ఫనెళ్ళకు రబ్బరు బిరడాలు పెట్టారు. రబ్బరు తయారీలో జింక్ ఆక్సైడ్ కలుపుతారు. బిరడా తగిలిన నీళ్ళన్నిటిలో జింక్ దిగింది, డైథిజోన్ దాన్ని పట్టుకుంది. బిరడాలు తీసేసి, గాజు సామానంతా పలచటి నైట్రిక్ ఆమ్లంతో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో జాడించి మళ్ళీ చేస్తే బ్లాంక్ పచ్చగా నిలిచింది. ఆ బోర్లలో చాలావాటి నీళ్ళు కూడా పచ్చగానే నిలిచాయి. తప్పు నాది. ముందు బ్లాంక్ చేయకుండా పిల్లలను శాంపిళ్ళ మీదికి వెళ్ళనివ్వకూడదు. ఆ అమ్మాయి వాళ్ళ నాన్నగారికి నేనే ఫోన్ చేసి చెప్పాను.

బ్లాంక్‌ను నిర్లక్ష్యం చేస్తే ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి క్లాసులో క్లెయిర్ ప్యాటర్సన్ గురించి చెబుతుంటాను. ఉల్కల్లోని సీసం ఐసోటోపులు కొలిచి 1956లో భూమి వయసు 455 కోట్ల ఏళ్ళని తేల్చిన శాస్త్రవేత్త ఆయన. మొదట్లో ఆయన కొలతలు ఎంతకీ కుదరలేదు, ఎందుకంటే ల్యాబ్ దుమ్ములో, గాజులో, రీఏజెంట్లలో అంతటా సీసమే. దాన్ని వదిలించుకోవడానికే ఏళ్ళు పట్టింది. ఆ సీసంలో పెద్ద వాటా పెట్రోలు నుంచి వస్తోందని గుర్తించి, దాని మీద పోరాడిందీ ఆయనే. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది.

రంగు రాలేదంటే సీసం లేనట్టేనా?

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. రంగు రాకపోవడానికి సీసం లేకపోవడం ఒక్కటే కారణం కాదు. పీహెచ్ తగ్గి ఉండొచ్చు. డైథిజోన్ పాతబడి ఉండొచ్చు. సీసం కరిగి కాకుండా తుప్పు రేణువులకు, మట్టికి అంటుకుని ఉండొచ్చు. దాన్ని నైట్రిక్ ఆమ్లంతో వేడిచేసి కరిగిస్తే తప్ప డైథిజోన్‌కు చిక్కదు. సీసాగోడలకే అంటుకుని ఉండిపోవచ్చు.

అందుకని ప్రతి శాంపిల్‌కూ మూడు ఫనెళ్ళు పెట్టండి. ఒకటి బ్లాంక్. రెండోది శాంపిల్. మూడోది అదే శాంపిల్‌లో మనం కావాలని తెలిసినంత సీసం, రెండు మైక్రోగ్రాములనుకోండి, కలిపినది. మూడోది ఎర్రబడి రెండోది బ్లాంక్‌లాగే ఉంటే అప్పుడు ధైర్యంగా "మా పద్ధతికి అందినంతలో లేదు" అనొచ్చు. మూడోది కూడా ఎర్రబడకపోతే ఆ రోజు పరీక్ష పనిచేయలేదు, అంతే. ఆ ఫలితాన్ని ఎవరికీ చెప్పకండి.

శాంపిల్ ఎలా పట్టాలి?

కొళాయి నుంచి వచ్చే సీసం చూడాలంటే తెల్లవారి లేవగానే, ఎవరూ కొళాయి తిప్పకముందు వచ్చే మొదటి నీళ్ళు పట్టాలి. రాత్రంతా ఇత్తడి కొళాయిలో, పైపుల్లో నిలిచిన నీళ్ళవి. బోరు నీళ్ళ సంగతి చూడాలంటే దానికి పూర్తిగా ఎదురు: కొన్ని నిమిషాలు మోటారు ఆడనిచ్చి, పైపుల్లో నీళ్ళు పోయాక పట్టాలి. చాలామంది దీన్ని తారుమారు చేస్తారు.

ఆమ్లంతో కడిగిన పాలిథీన్ సీసా వాడండి. పట్టిన వెంటనే శుద్ధమైన నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసి పీహెచ్ 2 కంటే కిందికి తెస్తే సీసం గోడలకు అంటదు, నెలల తరబడి నిలుస్తుంది. వాటర్ బాటిల్‌లో పట్టి, బ్యాగులో వేసుకుని, మూడు రోజుల తర్వాత తెచ్చిస్తే నేను తీసుకోను.

పసుపులో కలిపే లెడ్ క్రోమేట్‌ను డైథిజోన్‌తో చూడొచ్చా?

నిజామాబాద్, దుగ్గిరాల మార్కెట్లున్న నేల మనది, ఈ ప్రశ్న రావడం సహజం. కొమ్ములకు మెరుపు రావడానికి లెడ్ క్రోమేట్ పూయడం కొన్నిచోట్ల బయటపడింది. బంగ్లాదేశ్‌లో దీని మీద గట్టి పరిశోధన జరిగింది. మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం పసుపులో లెడ్ క్రోమేట్ అసలు ఉండకూడదు, మొత్తం సీసం పది పీపీఎం దాటకూడదు.

ల్యాబ్‌లో మామూలుగా చేసేది వేరే రీఏజెంట్‌తో. రెండు గ్రాముల పసుపును బూడిద చేసి, 1:7 సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కలిపి, వడగట్టి, డైఫినైల్ కార్బజైడ్ వేస్తారు. గులాబీ రంగు వస్తే లెడ్ క్రోమేట్ ఉందంటారు. ఇక్కడ జాగ్రత్తగా చూడండి. ఆ గులాబీ రంగు ఇచ్చేది క్రోమియం, సీసం కాదు. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో సీసం తెల్లటి లెడ్ సల్ఫేట్ అవక్షేపంగా మారి ఫిల్టర్ పేపర్ మీదే ఉండిపోతుంది! దొంగ పారిపోతే వాడితో వచ్చినవాణ్ణి పట్టుకుని నేరం తేల్చినట్టు. లెడ్ క్రోమేట్ వరకూ ఆ తర్కం చెల్లుతుంది. సీసం ఇంకో రూపంలో కలిసి ఉంటే ఈ పరీక్ష దాన్ని చూడదు. సీసం ఎంతుందో తెలియాలంటే బూడిదను నైట్రిక్ ఆమ్లంలో కరిగించి పరికరంతో కొలవాల్సిందే.

ఇంట్లో గ్లాసు నీళ్ళలో పసుపు వేసి చూసే చిట్కా నీళ్ళలో కరిగే రంగులకు పనికొస్తుంది. లెడ్ క్రోమేట్ నీళ్ళలో కరగదు, నీళ్ళకు ఆరు రెట్లు బరువు. నిశ్శబ్దంగా అడుక్కి చేరుతుంది.

కళాయి పోసిన గిన్నెల్లో సీసం ఉంటుందా?

కళాయి అంటే తగరం పూత. శుద్ధమైన తగరమైతే భయం లేదు. చౌకగా దొరుకుతుందని సీసం కలిసిన తగరం వాడితేనే ప్రమాదం, ఎందుకంటే ఆ గిన్నెలో మనం పెట్టేది చింతపండు చారు. పులుపు సీసాన్ని లాగుతుంది. పింగాణీ పాత్రల నుంచి ఎంత సీసం దిగుతుందో చూడటానికి ప్రపంచమంతా వాడే పద్ధతి ఇదే ఆలోచన మీద నడుస్తుంది: 4 శాతం ఎసిటిక్ ఆమ్లం పోసి 24 గంటలు ఉంచి, ఆ ఆమ్లాన్ని పరీక్షించడం. కళాయి గిన్నెకు డైథిజోన్ వాడితే ఒక చిక్కుంది. గిన్నె నుంచి దిగిన స్టానస్ తగరం కూడా ఎరుపే ఇస్తుంది. ముందు దాన్ని స్టానిక్ రూపానికి ఆక్సిడైజ్ చేయకపోతే మంచి కళాయి మీద కూడా నింద పడుతుంది.

రక్తంలో సీసాన్ని కూడా డైథిజోన్‌తో చూడొచ్చా?

ఒకప్పుడు చేసేవారు. ఇప్పుడు ఎవరూ చేయరు, చేయకూడదు. లీటరుకు కొన్ని పదుల మైక్రోగ్రాముల దగ్గరే పిల్లల విషయంలో డాక్టర్లు ఆలోచించాల్సి వస్తుంది. ఒక చిన్న ట్యూబు రక్తంలో అంత కొలవడం గ్రాఫైట్ ఫర్నేస్ ఏఏఎస్, ఐసీపీ-ఎంఎస్ పరికరాల పని. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఫిట్స్‌తో పడిపోయినప్పుడు ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయని మొదట వార్తలొచ్చాయి, తర్వాత దర్యాప్తు పురుగుమందుల వైపు వెళ్ళింది. ఒక లోహం కనబడటం వేరు, జబ్బుకు అదే కారణమని తేలడం వేరు.

ఫార్మా కంపెనీల్లో హెవీ మెటల్స్ లిమిట్ టెస్ట్ అని చేసేవారు. అదీ ఇలాంటిదేనా?

ఆలోచన అదే, రీఏజెంట్ వేరు. జీడిమెట్లలోనో పరవాడలోనో ఫార్మా కంపెనీల క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగంలో) పనిచేసినవాళ్ళు రంగు పోల్చి చూసే నెస్లర్ సిలిండర్లు (పొడుగాటి గాజు గొట్టాలు) మరిచిపోరు. పీహెచ్ 3.5 బఫర్, థయోఎసిటమైడ్, తెలిసినంత సీసం ఉన్న స్టాండర్డ్. సల్ఫైడ్ వల్ల వచ్చే గోధుమరంగు స్టాండర్డ్ కంటే ముదిరితే బ్యాచ్ ఫెయిల్. అమెరికా ఫార్మకోపియా (మందుల ప్రమాణాల గ్రంథం) ఈ పరీక్షను 2018 జనవరి 1 నుంచి తీసేసింది. బూడిద చేసే దశలో పాదరసం ఆవిరైపోతుంది, అన్ని లోహాలూ ఒకే తీవ్రతతో రంగు ఇవ్వవు, కంటి చూపు మనిషికీ మనిషికీ మారుతుంది. ఇప్పుడు ఒక్కో లోహాన్నీ విడిగా ఐసీపీతో కొలుస్తున్నారు. మంచి మార్పే.

డైథిజోన్ ద్రావణం ఎన్నాళ్ళు నిలుస్తుంది?

100 మిల్లీలీటర్ల క్లోరోఫారంలో 10 మిల్లీగ్రాములు కరిగించి, ముదురు గోధుమరంగు సీసాలో, ఫ్రిజ్‌లో పెట్టండి. వెలుతురు, గాలి దానికి పడవు. వాడేముందు కొంచెం తీసి పలచటి అమ్మోనియా నీళ్ళతో కుదపండి. మంచి డైథిజోన్ నారింజ రంగుతో పైనున్న నీళ్ళలోకి వెళ్ళిపోతుంది. కింద క్లోరోఫారం ఇంకా పచ్చపసుపుగా మిగిలిందంటే అది పాడైన భాగం, కొత్తది కలుపుకోండి.

వాడేశాక ఎక్కడ పారబోయాలి?

సింకులో మాత్రం వద్దు. క్లోరోఫారం పొరను హాలోజెన్ వ్యర్థాల సీసాలో, సీసం స్టాండర్డ్ ద్రావణాలను లోహ వ్యర్థాల సీసాలో పోసి, లేబుల్ రాసి, కాలేజీ వ్యర్థాలు తీసుకెళ్ళేవాళ్ళకు ఇవ్వాలి. సయనైడ్ కలిసినవి ఎప్పటికీ క్షారంలోనే, వేరే సీసాలో.

మాకు ల్యాబ్ లేదు. మా బోరు నీళ్ళు ఎక్కడ చూపించుకోవాలి?

గ్రామీణ నీటి సరఫరా విభాగానికి జిల్లాల్లో ల్యాబులున్నాయి, ముందు అక్కడ అడగండి. పంచాయతీల్లో ఇచ్చే ఫీల్డ్ కిట్‌తో మామూలుగా చూసేది పీహెచ్, ఫ్లోరైడ్, ఇనుము, నైట్రేట్ లాంటివి. అందులో "బాగుంది" అని వస్తే సీసం గురించి ఏమీ తెలిసినట్టు కాదు. ప్రైవేటు ల్యాబ్‌కు వెళ్తే ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా అని అడగడంతో ఆగకండి, ఆ గుర్తింపు వర్తించే పరీక్షల జాబితాలో, అంటే స్కోప్‌లో, "నీటిలో సీసం" ఉందా అని అడగండి. రిపోర్టులో "బీడీఎల్" (డిటెక్షన్ లిమిట్ కంటే తక్కువ) అని రాస్తే, వాళ్ళ డిటెక్షన్ లిమిట్, అంటే వాళ్ళ పద్ధతి పట్టగలిగే కనీస మోతాదు, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో అంకెలో రాసివ్వమనండి. ఆ అంకె 0.01 కంటే బాగా తక్కువ ఉండాలి. 0.05 అని ఉంటే డబ్బులు వెనక్కి అడిగి, ఇంకో ల్యాబ్ చూసుకోండి.